పేరు మనది, తాళంచెవి ఎవరిది?

మా చీరాలలో ఎవరైనా కొత్తగా బట్టలకొట్టు పెడితే మొదట ముహూర్తం చూపించుకుంటారు. తరువాత బోర్డు రాయిస్తారు. ఈ పది పదిహేనేళ్ళలో మూడో పని ఒకటి వచ్చి చేరింది. అదే వెబ్‌సైటు. సంచి మీద, బిల్లు మీద, ఆఖరికి గోడ క్యాలెండరు మీద కూడా డాట్ కామ్ అని ఉండవలసిందే! ఉండటం మంచిదే. కాని ముహూర్తానికి నలుగురిని సంప్రదించే మనిషి, బోర్డు మీద అక్షరం వంకరపోతే పెయింటరుతో పోట్లాడే మనిషి, ఈ మూడో పని దగ్గరికి వచ్చేసరికి “ఎవరో ఒక కుర్రాడు చూసుకుంటాడులే” అని వదిలేస్తాడు. ఆ వదిలేయడం ఎంతవరకు తీసుకుపోతుందో మా ఇంట్లోనే చూశాను గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా బాబాయిది చేనేత చీరల వ్యాపారం. పెద్ద కొట్టేమీ కాదు. ఇద్దరు గుమాస్తాలు, నాలుగు బీరువాలు, నేసి ఇచ్చే పది కుటుంబాలు. 2019లో తెలిసినవారి అబ్బాయి ఒకతను వచ్చి ఆరువేల రూపాయలకు సైటు చేసిపెట్టాడు. పేరు కొన్నది అతనే, చోటు కొన్నది అతనే. డబ్బు కట్టింది మాత్రం మా బాబాయి. సైటు ముచ్చటగానే ఉంది. హైదరాబాదులో, అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఫోటోలు చూసి ఆర్డర్లు పంపేవారు. మూడేళ్ళు హాయిగా గడిచాయి. 2022లో సరిగ్గా శ్రావణమాసానికి ముందు ఒకనాడు సైటు తెరిస్తే చీరలు లేవు, పేకాట ప్రకటనలున్నాయి! ఆ అబ్బాయికి ఫోను చేస్తే నంబరు పనిచేయడం లేదు. వాళ్ళ నాన్నగారి ద్వారా ఆరా తీస్తే తేలిందేమంటే, పేరు ఆ అబ్బాయి సొంత ఖాతాలో ఉంది. గడువు తీరబోతున్నదన్న హెచ్చరికలన్నీ అతను వాడటం మానేసిన పాత ఈమెయిలుకు వెళ్ళాయి. గడువు తీరింది, ఎవరో కొనేసుకున్నారు. తిరిగి అమ్మమంటే వాళ్ళు చెప్పిన ధరతో మా బాబాయి ఇంకో రెండు మగ్గాలు పెట్టించగలడు.

“ఒరే అబ్బాయ్, డబ్బు నేనే కట్టాను గదరా! నాది కాకుండా ఎట్లా పోతుందిరా?” అని బాబాయి నన్నడిగాడు. అప్పటికి డిగ్రీ రెండో ఏడు చదువుతున్న నాకు జవాబు తట్టలేదు. కొత్త పేరు తీసుకున్నాం. కాని వేయించిన సంచుల మీద పాత పేరే. ఆ పండుగ సీజనులో పాత చిరునామాకు ఉత్తరాలు రాసి, జవాబు రాక, ఇంకో కొట్టుకు వెళ్ళినవారు ఎందరో మాకు ఎప్పటికీ తెలియదు. నష్టం లెక్క కట్టడానికి కూడా వీల్లేని నష్టం అది.

బాబాయి ప్రశ్నకు జవాబు తరువాత తెలుసుకున్నాను. వెబ్‌సైటు అంటే ఒకటి కాదు, రెండు. ఒకటి పేరు, దాన్నే డొమైన్ అంటారు. రెండోది మన ఫోటోలూ వివరాలూ ఉండే చోటు, అది హోస్టింగ్. పేరు కొట్టు మీది బోర్డు లాంటిదైతే, హోస్టింగ్ అద్దెకు తీసుకున్న గది లాంటిది. గది మారినా బోర్డు ఊడదీసి కొత్త గదికి తగిలించుకోవచ్చు. బోర్డే పోతే ఎంత మంచి గది ఉండి ఏం లాభం? వచ్చేవాడికి దారి తెలియదు గదా.

ఈ పేర్ల వ్యవహారానికి ఒక వరస ఉంది. ప్రపంచం మొత్తానికి పేర్ల పద్ధతిని చూసేది 1998లో ఏర్పడిన ఐకాన్ అనే సంస్థ. డాట్ కామ్ పేర్ల పట్టిక వెరిసైన్ అనే కంపెనీ చేతిలో ఉంటుంది. మన దేశపు డాట్ ఇన్ పట్టిక నిక్సీ చేతిలో ఉంది. 2005 నుంచి అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. వీటి దగ్గర పేర్లు తీసుకుని మనకు ఇచ్చే చిల్లర వర్తకులే రిజిస్ట్రార్లు. మనం పేరును శాశ్వతంగా కొనం. ఏడాదికో, రెండేళ్ళకో, మహా అయితే ఒకేసారి పదేళ్ళకో కౌలుకు తీసుకుంటాం. ఆ పట్టికలో యజమానిగా ఎవరి పేరు రాసి ఉంటే వారిదే హక్కు. డబ్బు ఎవరి జేబులోంచి వచ్చిందన్నది పట్టికకు పట్టదు. పొలం మనం కొని, పాసుపుస్తకం పాలేరు పేరున రాయించినట్టు! మా బాబాయి చేసింది సరిగ్గా అదే.

అందుచేత నా అభిప్రాయం ఒక్కటే. చిన్న వ్యాపారి “ఏ కంపెనీ మంచిది?” అని అడిగే ముందు “ఎవరి పేరున?” అని అడగాలి. ఖాతా వ్యాపారి సొంత ఫోను నంబరు మీద, సొంత ఈమెయిలు మీద తెరవాలి. ఆ ఈమెయిలు కూడా అదే డొమైను మీద ఉన్నది కాకూడదు సుమా! పేరు గడువు తీరిననాడు ఆ ఈమెయిలూ ఆగిపోతుంది. ఇక హెచ్చరిక ఎక్కడికి వస్తుంది? ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపేసుకున్నట్టవుతుంది. సైటు చేసే కుర్రాడికి పని చేసుకునే హక్కు ఇవ్వండి. యజమాని హక్కు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

ఐకాన్ నిబంధనల ప్రకారం గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, తీరిన తరువాత ఐదు రోజుల్లోపు ఇంకొకసారి రిజిస్ట్రారు హెచ్చరిక పంపి తీరాలి. గడువు తీరగానే పేరు పోదు కూడా. డాట్ కామ్ వంటి పేర్లను కంపెనీని బట్టి 45 రోజుల వరకు మామూలుగా పునరుద్ధరించుకునే వీలుంటుంది. రిజిస్ట్రారు తొలగించాక కూడా 30 రోజులపాటు అదనపు రుసుము కట్టి విడిపించుకోవచ్చు. అయితే ఈ లోపలే వేలానికి పెట్టే కంపెనీలూ ఉన్నాయి. ఏమైనా, సమయం తక్కువేమీ కాదు. పేరు పోవడం సాధారణంగా గడువు చాలక కాదు, కబురు అందక. పెద్దవాళ్ళకూ ఈ పొరపాటు తప్పలేదు. 1999 డిసెంబరులో సాక్షాత్తూ మైక్రోసాఫ్ట్ కంపెనీయే తన హాట్‌మెయిల్‌కు ఆధారమైన పాస్‌పోర్ట్ డాట్ కామ్ అనే పేరుకు డబ్బు కట్టడం మరచిపోయింది. ఎందరో తమ ఉత్తరాలు చూసుకోలేకపోయారు. చివరికి సంబంధంలేని ఒక ప్రోగ్రామరు తన కార్డుతో 35 డాలర్లు కట్టి ఆ కష్టం తీర్చాడు. అందరికీ అలాంటి పుణ్యాత్ముడు దొరకడు గదా!

ఇక ధర సంగతి. “మొదటి ఏడాది 99 రూపాయలే” అన్న ప్రకటన చూసి మనవాళ్ళు ఎగబడతారు. ఆలోచించండి. వెరిసైన్ రిజిస్ట్రారు దగ్గర వసూలు చేసే ధరే 2024 సెప్టెంబరులో ఏడాదికి 10.26 డాలర్లకు పెరిగింది. మన రూపాయల్లో అది ఎనిమిది వందలు దాటుతుంది. ఎనిమిది వందలకు కొన్న సరుకును ఏ వర్తకుడైనా వందకు ఎందుకమ్ముతాడు? రెండో ఏడు రాబట్టుకోవచ్చుననే. హోస్టింగ్‌లోనూ ఇదే వరస: నెలకు ఇంత అని పెద్దక్షరాల్లో చెప్పిన ధర, మూడు నాలుగేళ్ళ డబ్బు ఒకేసారి కడితేనే వర్తిస్తుంది. ఆపై రెన్యూవల్ ధర రెట్టింపో ఇంకా పైనో. దీనికి 18 శాతం జి.ఎస్.టి. అదనం. కాబట్టి చూడవలసింది మొదటి ఏడాది ధర కాదు. ఐదేళ్ళకు మొత్తం ఎంతవుతుందో కాగితం మీద కూడుకోవాలి. మా బాబాయి నూలు ధర అలాగే కూడతాడు. ఇక్కడ మాత్రం కూడలేదు.

పేరు ఒక కంపెనీలో, హోస్టింగ్ ఇంకో కంపెనీలో పెట్టడం మంచిదని నా అభిప్రాయం. రెండూ ఒకేచోట ఉంటే ఒకటే బిల్లు, ఒకటే ఫోను నంబరు అనే వాదన ఉంది; అది నిజమే. కాని హోస్టింగ్ వాడితో పేచీ వస్తే, పేరు కూడా వాడి గుప్పిట్లోనే ఉంటే మనకు నోరెక్కడిది? పేరు వేరేచోట ఉంటే కొత్త గది వైపు దారి తిప్పుకోవడం ఒకటి రెండు రోజుల పని. రిజిస్ట్రారునే మార్చాలన్నా ఒక రహస్య సంకేతం ఇస్తారు; డాట్ కామ్ వంటి పేర్లకు అడిగిన ఐదు రోజుల్లోపు దాన్ని ఇవ్వాలని ఐకాన్ నిబంధన. ఇది తెలియక “వాళ్ళు ఇవ్వమన్నారండీ” అని ఊరుకునేవారు ఎంతమందో!

హోస్టింగ్ గురించి పెద్దగా బెంగపడనక్కరలేదు. యాభై చీరల ఫోటోలు, ఒక ఫోను నంబరు ఉండే సైటుకు నలుగురితో పంచుకునే మామూలు షేర్డ్ హోస్టింగ్ చాలు. సొంత సర్వరు కావాలని ఎవరైనా అంటగట్టబోతే, పచారీ కొట్టుకు గోడౌను ఎందుకని అడగండి. తాళం గుర్తు చూపించే ఎస్.ఎస్.ఎల్. సర్టిఫికెట్టుకు విడిగా వేలు కట్టమంటే కూడా అనుమానించండి. 2015 చివరి నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్షలేని సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తోంది. “99.9 శాతం సమయం పనిచేస్తుంది” అంటే ఏడాదిలో దాదాపు 8 గంటల 45 నిమిషాలు పనిచేయకపోవచ్చునని అర్థం. 99 శాతమే అంటే మూడున్నర రోజులు! అవి దీపావళి ముందు రోజులే కావచ్చు. అలాంటప్పుడు ఫోనెత్తి మనకర్థమయ్యే భాషలో మాట్లాడే మనిషి ఉన్నాడా లేదా అన్నది, డబ్బు కట్టకముందే ఒకసారి ఫోను చేసి తెలుసుకోవాలి.

కాని ఒక్క విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. అదే నకలు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓ.వి.హెచ్. అనే పెద్ద హోస్టింగ్ కంపెనీ డేటా సెంటరు భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది. లక్షలాది సైట్లు ఆగిపోయాయి. నకళ్ళు కూడా అక్కడే ఉంచుకున్నవారికి ఏమీ మిగల్లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? నెలకొకసారి మొత్తం సైటు నకలు తీసి సొంత కంప్యూటరులో పెట్టుకోవడానికి అరగంట పట్టదు.

“ఇన్ని తలనొప్పులెందుకు, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ చాలవా?” అనేవారున్నారు. కొందరికి నిజంగానే చాలు. వీధి చివర ఇడ్లీబండికి సైటెందుకు? కాని అక్కడ మన పేజీ మూసేస్తే అడిగే దిక్కుండదు. అది ఇంకొకరి అరుగు మీద పెట్టిన దుకాణం. సైటు ఇప్పుడే వద్దనుకున్నా, పేరు ఒక్కటీ తన పేరున తీసి ఉంచుకోవడం వ్యాపారికి క్షేమం.

ఇంతవరకు వ్యాపారులకు చెప్పాను. ఇక మనకు మనం చెప్పుకోవలసింది ఉంది. మా బాబాయి సైటు చేసిన అబ్బాయిని నేను చాలాకాలం తిట్టుకున్నాను. ఇక్కడ పి.జి.లో చేరాక నేనూ మెస్ బిల్లు కోసం అవే పనులు చేశాను. ఒకరోజు నా ఖాతా తెరిచి చూస్తే మూడు కొట్ల పేర్లు నా పేరున ఉన్నాయి: ఒక ఫోటో స్టూడియో, ఒక ట్యూషన్ సెంటరు, పచ్చళ్ళు పెట్టి అమ్మే ఒక పిన్నిగారు. మోసం చేద్దామని కాదు. వాళ్ళకు ఓటీపీలు వివరించే ఓపికలేక, పని త్వరగా అవుతుందని అలా చేశాను. ఆ అబ్బాయి కూడా అంతేనేమో! నా తీరిక చూసుకున్నాను తప్ప, వాళ్ళ బతుకు నా పాస్‌వర్డుకు వేలాడుతున్నదని తలచలేదు.

మూడు సాయంత్రాలు పట్టింది అప్పగించడానికి. పచ్చళ్ళ పిన్నిగారైతే “నాకెందుకు బాబూ ఇవన్నీ, నీ దగ్గరే ఉంచు” అన్నారు. “రేపు నేను ఏ పూనాలోనో ఉంటే మీకెవరు చేస్తారండీ?” అంటే కాసేపు ఆలోచించి, పద్దుల పుస్తకం తెచ్చి, ఆఖరి పేజీలో తన చేత్తో రాసుకున్నారు: కంపెనీ పేరు, ఖాతా పేరు, గడువు తేదీ. పాస్‌వర్డు మాత్రం నన్ను అటు తిరగమని రాసుకున్నారు! ఆవిడకు నేను నేర్పవలసింది ఏమీలేదని అప్పుడనిపించింది. నేను అడ్డు తొలగితే చాలు.

ఈ ఏడు కాలేజి విడిచి వెళుతున్న మిత్రులారా! లైబ్రరీ పుస్తకాలు, ల్యాబు సామాను, హాస్టలు గది తాళంచెవి అప్పజెబితేగాని మనకు నో డ్యూస్ కాగితం రాదు. మీ ఖాతాల్లో ఎవరి కొట్టు పేరైనా ఉండిపోయిందేమో ఒకసారి చూసుకోండి. ఆ తాళంచెవిని ఏ గుమాస్తా అడగడు. మనమే వెళ్ళి ఇచ్చి రావాలి.