పెరటి ముచ్చట్లు: పొదుగు పెట్టె, మే నెల ఎండ

దేవరకొండ తట్టునుండి ఒక సహోదరి మాకు ఉత్తరం వ్రాశారు. పొదుపు సంఘంలో అప్పు తీసికొని గుడ్లు పొదిగే చిన్న కరెంటు పెట్టె కొన్నారట. ఏప్రిల్ ఆఖరున 40 గుడ్లు పెట్టి, 21 దినములు కనిపెట్టుకొని యుంటే మూడే పిల్లలు బయటికి వచ్చినవి. మిగిలినవి పగులగొట్టి చూడగా చాలా గుడ్లలో పిల్ల తయారై చచ్చి యున్నది. "మా అత్తమ్మ రోజూ ఎత్తి పొడుస్తున్నది. పెట్టె అమ్మి అప్పు కట్టమంటారా? ఈ మూడు పిల్లలను ఏమి చేయమంటారు?" అని అడిగారు.

అమ్మవద్దమ్మా. ఆ మాట ముందే చెప్పుచున్నాము. మా ఇంటిలో మొదటిసారి ఒక్క పిల్ల కూడ రాలేదు.

మాది రేకుల ఇల్లు. మేమూ ఎండాకాలములోనే పెట్టాము. పెట్టెలో థర్మోస్టాట్ ఉన్నది గదా, వేడి సంగతి అదే చూచుకొనునని ధైర్యముగా నిద్రపోయాము. అది చేసే పని ఒక్కటే. వేడి తగ్గితే బల్బు వెలిగించును, చాలినంత కాగానే ఆర్పును. గుడ్డుకు కావలసినది 37.5 డిగ్రీలు, అనగా జ్వరం చూచే థర్మామీటరులో 99.5. మే నెల మధ్యాహ్నం రేకుల క్రింద మా గదే 41 దాటినది. బల్బు ఆరిపోయి ఊరకున్నది, గుడ్లు మాత్రం ఉడుకుచునే యున్నవి. వేడిచేయుట తప్ప చల్లార్చుట ఆ పెట్టెకు రాదు. ఈ చిన్న సంగతి మాకు తెలియుటకు 30 గుడ్లు పోయినవి.

కోడి అట్లు కాదు. ఉక్క ఎక్కువైతే గుడ్లమీదనుండి కొంచెము లేచి నిలుచును, చల్లబడితే మరల దగ్గరకు లాగుకొనును. మా అమ్మమ్మ పొదిగేసిన గంపలో ఉరుముకు గుడ్లు మురుగునని ఇనుపముక్క, బొగ్గు పెట్టేది. ఉరుములు వచ్చేది ఎండాకాలపు చివర. అప్పటికే వేడికి చచ్చిన గుడ్ల నేరము ఉరుముమీద పడినదని మా అనుమానం.

మరి కోడి ఉండగా పెట్టె ఎందుకు అని అత్తగారు అడుగవచ్చును, న్యాయమే. నాటుపెట్ట ఏటికి 50, 60 గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చొనును. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థవారు తీసిన వనరాజా, గ్రామప్రియ, అక్కడి పశువైద్య విశ్వవిద్యాలయమువారి రాజశ్రీ అంతకంటె చాలా ఎక్కువ పెట్టును గాని, పొదుగుకు కూర్చొనుట అరుదు. వీటిని పెంచే ఇంటిలో నాటుపెట్ట గాని, పెట్టె గాని ఉండవలసినదే. ఒకటి గుర్తుంచుకొనుడి: వనరాజా, గ్రామప్రియ సంకరజాతులు. ఇంటిలో వాటి గుడ్లు పొదిగిస్తే వచ్చే పిల్లలన్నీ తల్లివలె ఉండవు. ఇక అంగడి గుడ్లు పెట్టి కనిపెట్టుకొని యుండువారూ ఉన్నారు. లేయర్ షెడ్డులలో పుంజులే ఉండవు, ఆ గుడ్లలో పిల్ల ఎట్లు వచ్చును?

కరెంటు లేని కాలములోనే ఈజిప్టువారు ఈ పని చేశారు. అక్కడ గుడ్లను పేడ కుప్పలలో కప్పి పిల్లలు తీసేవారని అరిస్టాటిల్ క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దములో వ్రాశాడు. తరువాత మట్టి ఇటుకల గదులు కట్టి, పేడ, గడ్డి కాల్చి వేలకొలది గుడ్లు పొదిగించారు. థర్మామీటరు లేదు. గుడ్డు తీసి కనురెప్పకు ఆనించుకొని వేడి చూచుకొనేవారు. వారి దగ్గర ఉన్నదీ, మా దగ్గర లేకపోయినదీ పెట్టెయొద్ద కూర్చొనే మనిషి.

కావున సహోదరీ, దసరా దాటనిచ్చి పెట్టండి. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు మన నల్లగొండ, మహబూబ్‌నగర్ తట్టున ఈ పనికి మంచి కాలం. గది చల్లగా ఉండును గనుక బల్బు చేతిలో పని ఉండును. పెట్టెను రేకుల క్రింద గాక ఎండ తగలని లోగదిలో ఉంచండి. పెట్టె ముందర కనబడే అంకెను నమ్మవద్దు. జ్వరపు థర్మామీటరును, పెట్టెలోని దానిని ఒకే గ్లాసు గోరువెచ్చని నీటిలో ముంచి పోల్చుకొనండి. మా పెట్టె ఒక డిగ్రీ తక్కువ చూపుచుండెను. ఫ్యాను లేని పెట్టె అయితే గుడ్ల పైభాగమున 38.5 వరకు ఉండవచ్చును.

గుడ్లు వారము దినములకు మించి పాతవి కారాదు. తడి ఇసుకలో దించిన కుండలో, సన్నకొన క్రిందికి ఉండునట్లు దాచండి. ఒక ప్రక్క సున్న, మరియొక ప్రక్క ఇంటూ గుర్తు పెన్సిలుతో పెట్టి, రోజుకు మూడుసార్లు గాని ఐదుసార్లు గాని త్రిప్పండి. బేసి లెక్క ఎందుకనగా, రాత్రంతా ఉండే ప్రక్క రోజూ మారవలెను. ఏడవ రాత్రి చీకటిలో టార్చి పెట్టి చూస్తే సాలెపురుగువలె ఎర్రని నరములు కనబడును. ఏమీ కనబడనిది తీసివేయండి. 18వ దినమున త్రిప్పుట ఆపి, నీళ్ల గిన్నెతో పాటు తడిగుడ్డ కూడ పెట్టి మూత వేయండి. మన గాలి పొడిగాలి. తేమ చాలకపోతే పిల్ల పొరకు అంటుకొని చచ్చును.

కరెంటు పోతే భయపడవద్దు. చలికాలమైతే దుప్పటి కప్పండి, మూడు నాలుగు గంటలు చల్లబడినా పిల్ల ఓర్చుకొనును. వేడికి మాత్రం ఓర్చుకొనదు, 40.5 దాటి అరగంట ఉంటే బ్రతుకుట కష్టమే.

పెంకుకు చిల్లు పడిన తరువాత పిల్ల బయటికి వచ్చుటకు ఒక పూట, ఒక్కొక్కసారి ఒక దినము కూడ పట్టును. మా చిన్నది జాలిపడి ఒక గుడ్డు పెంకు వలిచినది. పొరలో ఇంకను నెత్తురు ఉండెను. ఆ పిల్ల సాయంకాలమునకు పోయినది, మా అమ్మాయి రెండు దినములు అన్నము సరిగా తినలేదు.

ఇక మీ మూడు పిల్లల సంగతి. వారికి సొనలో మిగిలిన ఆహారము రెండు దినములకు చాలును గాని, రాత్రి వెచ్చదనము కావలెను. మీ వాడలో ఎవరి ఇంటనైన పొదుగుకు కూర్చున్న నాటుపెట్ట ఉన్నదేమో అడగండి. యెరూషలేమును చూచి దుఃఖించిన ప్రభువుకు కూడ జ్ఞప్తికి వచ్చినది ఆ రెక్కలే గదా. పగలు పెట్టవద్దు, పొడుచును. చీకటి పడిన తరువాత దీపము లేకుండ ఒక్కొక్క పిల్లను దాని పొట్ట క్రిందికి జార్చండి, ఒకటి రెండు గుడ్లు తీసివేయండి. తెల్లవారి అది వాటిని పిలుచుచు గంపలోనుండి దిగితే చాలు. ఏడవ దినమున కొక్కెర తెగులుకు లసోటా చుక్క వేయించండి, పశువుల దవాఖానలో అడగండి. ఎన్ని బ్రతికినవో మాకు వ్రాయండి.