తొలి ఎర్రజెండా శాసనసభ్యులు, యానాం ఒక్క సీటు



మన చదువు సర్కిల్‌లో ఈమధ్య ఒక వాదన మళ్ళీమళ్ళీ వస్తోంది. "ఎన్నికలు, అసెంబ్లీలు అన్నీ షావుకార్ల ఆట. కమ్యూనిస్టు దేశాల్లో కూలీలూ రైతులే చట్టాలు చేశారు, మనకూ అదే కావాలి" అని కొందరు తమ్ముళ్ళ మాట. ఉదాహరణగా ఉత్తర కొరియా పేరు కూడా చెప్తున్నారు. ఆ కోపం ఎక్కడినుంచి వస్తోందో మాకు తెలుసు. పోడు పట్టా కోసం ఐటీడీఏ మెట్లు ఎక్కి దిగిన ఇంట్లో పుట్టినోళ్ళకి ఆ కోపం లేకపోతేనే వింత. అయినా ఆ మాటని అలా వదిలేయడం మాకు ఇష్టం లేదు. అక్కడ తొలి శాసనసభ్యులు ఎవరు, వాళ్ళేమయ్యారు, అదే కాలంలో మన దగ్గర ఎర్రజెండా పట్టుకుని సభల్లోకి వెళ్ళినవాళ్ళు ఏం చేశారు అన్నది పక్కపక్కన పెట్టి చూద్దాం. చివరికి యానాం దాకా వస్తాం, ఎందుకంటే అసలు పని ఉన్నది అక్కడే.

ముందు వాళ్ళకి దక్కాల్సిన మెప్పు ఇద్దాం. 1946 మార్చిలో ఉత్తర కొరియాలో భూసంస్కరణ చట్టం వచ్చింది. భూస్వాముల భూములు నష్టపరిహారం లేకుండా తీసుకుని, దున్నేవాళ్ళకి ఉచితంగా పంచారు. నెల తిరక్కుండా పని అయిపోయింది. మన దగ్గర ఒక సర్వే రాయి కదలడానికి ఎన్నేళ్ళు పడుతుందో తలుచుకుంటే ఇది మామూలు విషయం కాదు.

అదే ఏడాది నవంబరులో ప్రజా కమిటీలకు ఎన్నికలు జరిగాయి. పోటీ లేదు, ఒక సీటుకి ఒకే అభ్యర్థి. రెండు పెట్టెలు పెట్టారు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. ఒప్పుకుంటే తెల్లదాంట్లో, ఒప్పుకోకపోతే నల్లదాంట్లో కాగితం వేయాలి. అందరూ చూస్తుండగా నల్ల పెట్టె దగ్గరికి నడిచే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? మన గ్రామసభలోనే సర్పంచి ఎదురుగా చెయ్యెత్తడానికి మనవాళ్ళు ఎంత ఆలోచిస్తారో మనకి తెలుసు కదా.

1948 ఆగస్టులో సుప్రీం పీపుల్స్ అసెంబ్లీకి ఎన్నికలు పెట్టారు. మొత్తం 572 మంది సభ్యులు. అందులో 360 మంది దక్షిణ కొరియా ప్రతినిధులని లెక్క. దక్షిణంలో బహిరంగంగా ఓటింగ్ పెట్టే వీలు లేదు కాబట్టి, అక్కడి ప్రతినిధులు హేజు అనే ఊళ్ళో సమావేశమై ఆ 360 మందిని ఎంచారు. సెప్టెంబరు 9న రాజ్యం ప్రకటించారు. పేర్లు చూస్తే చిన్నవాళ్ళేం కాదు. హో హోన్ లాయరు, సభకి ఛైర్మన్. కిమ్ తు బోంగ్ భాషా పండితుడు, సభ ప్రెసీడియానికి అధ్యక్షుడు, పేరుకి దేశాధినేత. పాక్ హోన్ యోంగ్ జపాన్ వాళ్ళ జైళ్ళు చూసిన పాత కమ్యూనిస్టు, ఉప ప్రధాని, విదేశాంగ మంత్రి కూడా.

పదేళ్ళు తిరిగేసరికి ఏమైంది? పాక్ హోన్ యోంగ్‌ని 1953లో పట్టుకున్నారు, 1955 డిసెంబరులో గూఢచారి అని మరణశిక్ష వేశారు. కిమ్ తు బోంగ్ పదవి 1957లో పోయింది, మరుసటి ఏడు పార్టీలోంచీ గెంటేశారు, ఆ తర్వాత ప్రజల ముందు కనిపించలేదు. ఇంతమంది సభ్యులున్న సభ అడ్డం పడి "మన అధ్యక్షుడు ఏడీ?" అని అడగలేకపోయింది. ఇక భూమి సంగతి: 1946లో పంచిన భూమి 1958 నాటికి మొత్తం సహకార క్షేత్రాల్లోకి పోయింది. ఇవ్వడం ఎంత తొందరగా జరిగిందో, తీసుకోవడమూ అంతే. అప్పుడు రైతు వద్దు అని చెప్పుకోడానికి ఏ గడపా లేదు. ఈ ముక్క మన తమ్ముళ్ళు రెండుసార్లు చదవాలని మా కోరిక. పట్టా ఇచ్చిన చెయ్యి మీద మనకి పట్టు లేకపోతే ఆ పట్టాకి ఆయుష్షు ఆ చేతి దయ.

ఇప్పుడు ఇటు చూడండి. తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించారు, కొద్ది నెలల్లోనే ఎన్నికలు. హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉండటంతో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి గారు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకి వెళ్ళారు. అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి గారు జైల్లో ఉండే నీలం సంజీవరెడ్డిని ఓడించారు. మద్రాసు అసెంబ్లీలో 375 సీట్లకి కాంగ్రెసుకి 152 మాత్రమే వస్తే కమ్యూనిస్టులకి 62 వచ్చాయి. పుచ్చలపల్లి సుందరయ్య గారు రాజ్యసభకి వెళ్ళి, పార్లమెంటుకి సైకిలు మీద వచ్చే ఎంపీ అని పేరు తెచ్చుకున్నారు. జైల్లో ఉన్నవాడు గెలిచి సభలో కూర్చోవడం మన దగ్గర జరిగింది. కొరియాలో సభలో కూర్చున్నవాడు జైలుకి పోయాడు. తేడా ఇదే.

మన ఎన్నికల్లో అన్యాయం లేదని మేం అనడం లేదు. 1955లో ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులకి వందకి 31 దాకా ఓట్లు పడితే 196 సీట్లలో దక్కింది 15. నాగిరెడ్డి గారు 1969లో ఈ సభ వల్ల కాదని రాజీనామా చేసి బయటికొచ్చారు. ఆయన నిర్ణయం సరైందా కాదా అని మనలోనే పెద్ద గొడవ ఉంది, ఉండనివ్వండి. ఒకటి మాత్రం చూడాలి. రాజీనామా చేసి, ఎందుకు చేశానో నలుగురికీ చెప్పుకునే వీలు ఆయనకి ఉంది.

మనవాళ్ళు మెల్లగా మాట్లాడుకునే ఇంకో సంగతి కూడా ఉంది. గోదావరి అడవుల్లో దళాలకి అన్నం పెట్టింది కోయ గూడేలు. సైన్యం ఆ గూడేలని ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లో పెట్టింది. కానీ సభల్లోకి వెళ్ళిన నాయకుల ముందు వరస చూస్తే సుందరయ్య, నాగిరెడ్డి, నారాయణరెడ్డి, అందరూ భూమి ఉన్న ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. ఆస్తి వదిలేసి వచ్చారు, ఆ త్యాగం చిన్నది కాదు. అయినా మన తరఫున మాట్లాడటం వేరు, మనమే మాట్లాడటం వేరు. ఎస్టీ సీటు అనేది పార్టీ ఇచ్చింది కాదు, రాజ్యాంగం ఇచ్చింది. రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా గారి లాంటివాళ్ళు నిలబడి అడిగితేనే ఆదివాసీ మాట అక్కడ వినబడింది.

ఆ సీటులోంచి వచ్చినవాళ్ళే కుంజా బొజ్జి గారు, సున్నం రాజయ్య గారు. ఇద్దరూ వీఆర్ పురం మండలం వాళ్ళు, ఇద్దరూ భద్రాచలం నుంచి సీపీఎం తరఫున మూడేసి సార్లు గెలిచారు. బొజ్జి గారు 1985, 1989, 1994లో. రాజయ్య గారు 1999, 2004, 2014లో. బొజ్జి గారి సైకిలు గురించి మన పెద్దోళ్ళు ఇప్పటికీ చెప్తారు. రాజయ్య గారు ఎమ్మెల్యేగా ఉండీ బస్సుల్లో, ఆటోల్లోనే తిరిగారు. 2014లో తెలంగాణ తొలి అసెంబ్లీలో సీపీఎంకి ఉన్నది ఆయనొక్కడే. అదే ఏడు పోలవరం కోసం ఏడు మండలాలు ఆంధ్రలో కలిపేశారు. ఆయన సొంతూరు ఆంధ్రలోకి పోయింది, సీటు తెలంగాణలో మిగిలింది. 2019లో రంపచోడవరం నుంచి నిలబడి ఓడిపోయారు. 2020 ఆగస్టులో కరోనాతో పోయారు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో బొజ్జి గారూ వెళ్ళిపోయారు.

"ఒక్కడేం చేశాడు?" అని అడిగేవాళ్ళకి జవాబు కొంచెం చుట్టు తిరిగి చెప్పాలి. మన భూమిని కాపాడే 1/70 అసెంబ్లీ చేసిన చట్టం కాదు. అయిదో షెడ్యూలు కింద గవర్నరు పేరుతో వచ్చిన రెగ్యులేషను. 1959 నాటి దాన్ని సవరించి, 1970 ఫిబ్రవరి 3 నుంచి షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనుడికో, గిరిజనుల సహకార సంఘానికో తప్ప ఎవరికి రాసినా చెల్లదన్నారు. అది ఊరికే రాలేదు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న తూటాలకి పడిపోయాక, శ్రీకాకుళం కొండలు అంటుకున్నాక వచ్చింది. అంటే రాసిన చెయ్యి గవర్నరుది, రాయించింది కొండల మీది జనం. కానీ వచ్చినదాన్ని నిలబెట్టాలంటే లోపల మనిషి ఉండాలి. అయిదో షెడ్యూలులోనే గిరిజన సలహా మండలి ఉంది. అందులో 20 మంది దాకా సభ్యులు, నాలుగింట మూడు వంతులు ఎస్టీ ఎమ్మెల్యేలే. అటవీ హక్కుల చట్టం కూడా అంతే. 2006లో అది పార్లమెంటు దాటేటప్పుడు లోక్‌సభలో వామపక్షాలకి ఉన్నది 60 సీట్ల దాకా, కానీ ప్రభుత్వం వాళ్ళ మద్దతు మీద నిలబడి ఉంది. లెక్క తక్కువైనా వద్దు అనగలిగితే బరువు వస్తుంది.

ఇప్పుడు యానాం. మన గూడేల పక్కనుంచి పారిన నీళ్ళే పాపికొండలు, ధవళేశ్వరం దాటి గౌతమిగా ఈ ఊరి పక్కనుంచి సముద్రంలో కలుస్తాయి. చరిత్ర మాత్రం వేరు. ఇది ఫ్రెంచి వాళ్ళ కింద ఉంది. ఆ ఫ్రెంచి ఇండియాలోనే కమ్యూనిస్టు నాయకుడు వి. సుబ్బయ్య గారు మిల్లు కార్మికులని కూడగట్టారు. 1936 జూలై 30న పుదుచ్చేరిలో కాల్పుల్లో 12 మంది కార్మికులు చనిపోయారు, ఆ నెత్తుటి మీదే ఎనిమిది గంటల పని దినం వచ్చింది. ఆయన తర్వాత సభలో ప్రతిపక్ష నాయకుడయ్యారు, 1969 సంకీర్ణంలో మంత్రి కూడా అయ్యారు. యానాం 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో విమోచనం పొందింది, చట్టబద్ధంగా 1962 ఆగస్టు 16న భారతదేశంలో చేరింది. పుదుచ్చేరి అసెంబ్లీ ఎన్నికల్లో 30 సీట్లు, యానానికి ఒక్కటి. ఎస్సీలకి 5 సీట్లు, ఎస్టీలకి ఒక్కటీ లేదు.

ఎందుకు లేదంటే 2016 దాకా పుదుచ్చేరిలో ఎస్టీ అనే జాబితాయే లేదు. ఆ ఏడు డిసెంబరులో ఇరులర్లని మాత్రం చేర్చారు. ఎరుకల వాళ్ళు చేరలేదు. యానాం పొలిమేర దాటి కాకినాడ జిల్లాలో అడుగు పెడితే ఎరుకల కుటుంబం ఎస్టీ. ఇటు యానాంలో ఉంటే కాదు. అదే భాష, అదే బంధువులు, పెళ్ళిళ్ళు కూడా ఇటూ అటూనే. రాజయ్య గారి ఊరిని గీత దాటించినట్టే ఇక్కడ గీత పిల్లల్ని దాటించింది, పిల్లలు మాత్రం ఎక్కడి వాళ్ళక్కడే ఉన్నారు. ఏజెన్సీ నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్న మాకు కనీసం వెనక్కి చూస్తే ఒక ఎస్టీ సీటు, ఒక సలహా మండలి ఉన్నాయి. వీళ్ళకి అదీ లేదు.

దీనికి తుపాకీ అక్కర్లేదు, 572 మందీ అక్కర్లేదు. రాజ్యాంగం 342 ప్రకారం ఒకసారి వచ్చిన జాబితాలో పేరు చేర్చాలంటే పార్లమెంటు చట్టం చేయాలి. అంతకుముందు పుదుచ్చేరి ప్రభుత్వం ప్రతిపాదన పంపాలి, రిజిస్ట్రార్ జనరలూ జాతీయ ఎస్టీ కమిషనూ ఒప్పుకోవాలి. యానాం ఓటరుకి సంబంధించిన మనుషులు ముగ్గురే: ఒక ఎమ్మెల్యే, పుదుచ్చేరికి ఉన్న ఒక లోక్‌సభ ఎంపీ, ఒక రాజ్యసభ ఎంపీ. ముగ్గురినీ పేరు పెట్టి అడగొచ్చు. రాతపూర్వకంగా జవాబు రాకపోతే మళ్ళీ అడగొచ్చు, ఓటు రోజు గుర్తుపెట్టుకోవచ్చు.

అడగాలంటే చేతిలో కాగితం ఉండాలి. యానాంలో ఉన్న ఎరుకల కుటుంబాల్లో చదువుకున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ముందుకొస్తే, ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాయడానికి మేం వస్తాం: ఎన్ని తరాలుగా ఉంటున్నారు, ఇంట్లో ఏ భాష, కాకినాడ వైపు బంధువులకి ఏ సర్టిఫికెట్ ఉంది. పేర్లు ఇక్కడ కామెంట్లలో పెట్టొద్దు, అడ్మిన్లకి విడిగా పంపండి. ముందు పెద్దోళ్ళని అడిగి, వాళ్ళు సరేనన్నాకే మొదలుపెడదాం.