పూసల దండలో లేని స్త్రీ

సదస్సుల్లో టీ విరామం వచ్చిందంటే చాలు, చదివిన పేపర్ల మీద కంటే మెడలో నగల మీద చర్చ ఎక్కువ జరుగుతుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. బంగారాన్నీ, దాని వెనకున్న కట్నం లెక్కల్నీ వద్దనుకుని వెండికీ పూసలకీ మళ్లినవాళ్లం మనం. అలా మళ్లడం ఒక ప్రకటన అనుకున్నాం. ఆ దారిలోనే మనలో కొందరి మెడల్లోకి సహారా ఎడారి తువారెగ్‌ల వెండి బిళ్ల, అగాదెజ్ శిలువ, వచ్చి చేరింది. పశ్చిమ ఆఫ్రికా 'ట్రేడ్ బీడ్స్' చేరాయి. నా మెడలోకీ చేరాయి. కాబట్టి ఈ మాటలు ముందుగా నన్ను నేను అడుగుతున్నవే.

ఈ నగతో పాటు ఒక కథ కూడా అమ్ముతారు. తువారెగ్‌లలో ముఖం కప్పుకునేది మగవాళ్లట, ఆడవాళ్లు కాదట. గుడారం స్త్రీ సొత్తట. విడాకులు అడగడం ఆమెకు తప్పు కాదట. ఇవి చాలావరకు నిజాలే. వినగానే మనకి ప్రాణం లేచొస్తుంది. స్వేచ్ఛ తెలిసిన స్త్రీల నగ అని మురిసిపోయి కొంటాం.

కానీ ఏ తువారెగ్ స్త్రీ? అదీ నిచ్చెనమెట్ల సమాజమే. పైన ఇమాజెఘెన్ అనే దొరల వర్గం, అట్టడుగున ఇక్లాన్ అని పిలిచిన బానిసలు. దొరసాని గుడారంలో కూచుని ఇమ్జాద్ అనే ఒంటి తీగ వాద్యం వాయిస్తుంటే నీళ్లు తోడిందెవరు? సజ్జలు దంచిందెవరు? బానిస స్త్రీ. గడీలో దొరసాని తీరిక వెనక ఆడబాప ఉందని మనకి తెలుసు. సహారా దాకా వెళ్లేసరికి ఆ తెలివిడి ఏమైపోయింది?

ఆ వెండి పని చేసే ఇనాదన్‌లదీ పుట్టుకతో వచ్చే వృత్తే. తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటారు. మగవాళ్లు లోహం పని, ఆడవాళ్లు తోలు పని చేస్తారు. దొరలకి వాళ్లు లేనిదే గడవదు, అయినా సిగ్గూ మర్యాదా తెలియనివాళ్లని చులకన. 1970ల్లో, 80ల్లో వచ్చిన కరువులకి మందలు చచ్చి దొరలు చితికిపోయాక, వాళ్లు పర్యాటకుల కోసం చేయడం పెరిగింది. 'చేత్తో చేసినది' అని చీటీ మీద రాసేది ఆ చేతుల గురించే. ఎవరి చేతులో మాత్రం రాయరు.

ఇక పూసలు. వెనిస్ కొలిమిల్లో తయారైన గాజుపూసలు బట్టలతో, ఇనుముతో, తుపాకులతో పాటు ఓడలెక్కి ఆఫ్రికా తీరానికి చేరాయి. వాటికి మారకంగా బంగారం, ఏనుగు దంతం, మనుషులు వచ్చారు. లండన్ పూసల వర్తకుడు లెవిన్ నమూనా అట్టలు బ్రిటిష్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. అవి 1851-63 మధ్యవి. ఇవాళ అమ్మకానికి వచ్చే పూలపూసల్లో చాలా భాగం అట్లాంటిక్ బానిస వ్యాపారం ఆగిపోయాక, పందొమ్మిదో శతాబ్దం చివర్లోనో ఆ తర్వాతో చేసినవే. అయినా కొందరు వర్తకులు వాటిని 'బానిస పూసలు' అనే పిలుస్తారు. ఆ మాటకి ధర పలుకుతుంది మరి! మనం కూడా పూస వయసెంత అని అడుగుతాం. పూసలిచ్చి కొన్న మనిషి వయసెంత అని అడగం.

ఒకామె వయసు మాత్రం కోర్టు కాగితాల్లో ఉంది. అగాదెజ్ ఉన్న నైజర్ దేశంలోనే, 1996లో హదిజాతు మణిని 2,40,000 సీఎఫ్ఏ ఫ్రాంకులకి అమ్మేశారు. అప్పుడామెకు పన్నెండేళ్లు. నైజర్ 2003లో బానిసత్వాన్ని శిక్షించదగ్గ నేరం చేసింది. విడుదల పత్రం చేతికొచ్చాక ఆమె తనకి నచ్చినవాణ్ణి పెళ్లాడితే, యజమాని ఆమె నా భార్యే అన్నాడు. కోర్టు ఆమెనే ద్విభార్యాత్వం కింద జైల్లో పెట్టింది! 2008లో పశ్చిమ ఆఫ్రికా దేశాల సమాఖ్య న్యాయస్థానం నైజర్ ప్రభుత్వాన్నే తప్పుపట్టి, ఆమెకు కోటి ఫ్రాంకులు చెల్లించమంది. బానిసత్వం మన మెడలో పూస అంత పాతది కాదు.

"అయితే కొనొద్దంటావా? కొనకపోతే ఆ పనివాళ్లేం తింటారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కొనొద్దనను. బేరమాడొద్దంటాను. చేసినవాళ్లకి అందులో ఎంత ముడుతుందో అడగమంటాను. పాత పూసల కోసం ఎగబడే బదులు, ఘనాలో క్రోబోలు సీసా పెంకుల్ని పొడి కొట్టి ఈనాటికీ పోతపోస్తున్న పూసలు కొనుక్కోమంటాను. కానీ డబ్బిచ్చి తెచ్చుకున్నదాన్ని సోదరీత్వం అనొద్దు. దొరసాని స్వేచ్ఛని స్త్రీలందరి స్వేచ్ఛగా మెడలో వేసుకుని తిరగొద్దు. మన దగ్గర అగ్రవర్ణ స్త్రీ అనుభవాన్నే స్త్రీ అనుభవంగా రాసినప్పుడు దళిత స్త్రీలు మనల్ని నిలదీశారు కదా. ఆ పాఠం నగల దుకాణం దగ్గర మర్చిపోవడానికి వీల్లేదు.

ఈసారి ఎవరైనా "ఎంత బావుందో, ఎక్కడ కొన్నారు?" అంటే ఊరి పేరు చెప్పి ఊరుకోను. నీళ్లు తోడిన ఆమె గురించి చెప్తాను. టీ చల్లారిపోతే పోనీ.