జలపాతానికి జీపు ఉంది, మా ఊరికి ఏముంది?

పొద్దున కిరండూల్ పాసింజరు బొర్రా గుహలు స్టేషన్లో ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలబడి చూడండి. గుంపులుగా వచ్చినవాళ్లకు దారి అడగాల్సిన పని ఉండదు, వాళ్లకు బండి ముందే మాట్లాడి ఉంటుంది. ఒంటరిగా, వీపుకి సంచీ తగిలించుకుని దిగిన కుర్రవాడు మాత్రం అటూ ఇటూ చూసి మనలాంటివాడి దగ్గరికి వస్తాడు. "అన్నా, కటికి జలపాతానికి ఎలా వెళ్లాలి? బస్సు ఉందా?" అని అడుగుతాడు.

నేను ఈ అనంతగిరి మండలంలోనే పుట్టి, ఇక్కడే ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు పాఠాలు చెబుతున్నవాణ్ణి. ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ప్రతిసారీ ఓపిగ్గా జవాబు చెబుతాను. ఇప్పుడు మీకూ చెబుతాను, ఎందుకంటే నా గొడవంతా ఆ జవాబులోనే ఉంది.

విశాఖ నుంచి రెండు దారులున్నాయి. ఒకటి రైలు. పొద్దున్నే ఎక్కితే పది గంటల ప్రాంతంలో బొర్రాలో దించుతుంది. టికెట్టు చవక, దారి పొడుగునా కొండలే. కానీ వానాకాలంలో కొండచరియలు పట్టాల మీద పడితే ఆ రోజుకి రైలు లేనట్టే. రెండోది బస్సు. శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు వెళ్లే బస్సెక్కి బొర్రా మలుపులో దిగాలి. అక్కడి నుంచి గుహల దాకా ఆటో దొరికితే ఆటో, లేకపోతే కాళ్లు. గుహల దగ్గరి నుంచి కటికికి బస్సు అనేది లేదు. రాళ్ల దారిలో జీపే గతి. పదిమంది పోగైతే తలా కొంత వేసుకుంటారు. ఒక్కడే అయితే జీపు కిరాయి మొత్తం వాడి నెత్తినే పడుతుంది. జీపు దిగాక మళ్లీ నడవాలి. సాయంత్రం రైలు వేళకి వెనక్కి రాకపోతే రాత్రికి ఎక్కడుండాలో వెతుక్కోవాలి.

ఇదంతా విని ఆ కుర్రవాడు, "విశాఖ నుంచి ఇంత సులువుగా వచ్చాను, ఈ చివరి కొంచెం దూరానికేనా ఇంత కష్టం?" అంటాడు. తమ్ముడూ, ఆ చివరి కొంచెం దూరంలోనే మేమంతా బతుకుతున్నాం. నీకు ఆ కష్టం ఒక్క పూట. మాకు ఏడాది పొడుగునా అదే.

ఒక వానాకాలం సంగతి చెబుతాను. మా వదినకు రాత్రివేళ నొప్పులు మొదలయ్యాయి. మా ఊరు రోడ్డుకి పైన, కొండ వెనకాల. సిగ్నలు కోసం ఒకడు గట్టెక్కి ఫోను చేస్తే, రోడ్డు ఉన్నంతవరకు అంబులెన్సు వస్తుందన్నారు. రోడ్డు ఉన్నంతవరకు అంటే టూరిస్టు జీపులు ఆగే చోటు వరకు. వాసానికి దుప్పటి కట్టి డోలీ చేశాం. మనిషి మార్చి మనిషి మోశాం. మధ్యలో గెడ్డ పొంగుతోంది. నీళ్లు తగ్గేదాకా ఒడ్డున వానలో కూర్చున్నాం. తెల్లారాక జీపుల దగ్గరికి చేరేసరికి బిడ్డ దారిలోనే పుట్టేసింది. అంబులెన్సు ఇంకా రాలేదు. అక్కడ నిలబడ్డ జీపులోంచి టూరిస్టులు తామే దిగి చోటిచ్చారు. డ్రైవరు మనవాడే, పైసా అడగలేదు. తల్లీ బిడ్డా బతికారు. బతకనివాళ్లని నేను చూశాను కాబట్టి దీన్ని అదృష్టం అంటున్నాను. రోడ్డు అనాల్సిన చోట అదృష్టం అనాల్సి రావడమే నా కోపం.

కాబట్టి జలపాతం చూడటానికి వచ్చే మనిషి మీద నాకు పగ లేదు. అతను అడిగే ప్రశ్నా, మా వదిన డోలీలో పడుకుని అడగలేక అడిగిన ప్రశ్నా ఒకటే. ఎలా వెళ్లాలి? తేడా ఒక్కటే. అతని ప్రశ్నకు జవాబు వెతకడానికి ఒక శాఖ ఉంది, బడ్జెట్టు ఉంది, బోర్డులున్నాయి. మన ప్రశ్నకు డోలీ ఉంది.

ఈ కొండల్లో దారులు ఎవరి కోసం పడ్డాయో ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. తెల్లదొరల కాలంలో చింతపల్లి వైపు రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, మనవాళ్ల చేత సరైన కూలి ఇవ్వకుండా పని చేయించాడు. 1922లో గాం గంటం దొర, మల్లు దొర వంటివాళ్లు అల్లూరి సీతారామరాజు వెంట నడవడానికి ఉన్న కారణాల్లో ఆ రోడ్డు పని ఒకటి. రోడ్డు మన చేత వేయించారు, నడిచింది వాళ్ల బలగం. తర్వాత 1960ల్లో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వచ్చింది. ఎందుకు? బైలాడిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవు చేరి జపాను వెళ్లడానికి. దాని కోసం యాభైకి పైగా సొరంగాలు తవ్వారు. మనకు ఆ పట్టాల మీద ఒక పాసింజరు దక్కింది. 2017లో అదే మార్గంలో అద్దాల బోగీ వేశారు, కొండల్ని చూడటానికి. కొండల్లో ఉన్నవాళ్లు దిగి ఎక్కడికెళతారన్నది ఎవరి లెక్కలోనూ లేదు.

ఖనిజానికి దారి దొరికింది. చూపుకి దారి దొరికింది. మనిషికి దొరకలేదు.

"జనాభా చాలదు కదా మాస్టారూ" అంటారు ఆఫీసుల్లో. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానంలో 500 జనాభా ఉన్న ఆవాసానికి, షెడ్యూల్డ్ ప్రాంతంలో 250 జనాభా ఉన్న ఆవాసానికి రోడ్డు అంది. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్, ఆదిమ తెగల ఆవాసాలకు ఆ లెక్కను 100కి దించింది. 2025లో 'అడవి తల్లి బాట' పేరుతో మన జిల్లాలో పనులు మొదలుపెట్టారు. మంచిదే. వేసిన ప్రతి కిలోమీటరునూ లెక్కలో రాసుకుందాం. కానీ ఇరవై గడపల ఊరికి ఈ లెక్కలు ఎక్కడ సరిపోతాయి? ఒక్క మాట అడుగుతాను. జలపాతంలో కాపురం ఉండే జనాభా ఎంత? అక్కడికి రోడ్డు కావాలన్నప్పుడు ఆ లెక్క ఎవరైనా అడిగారా?

ఇక మన కుర్రాళ్లలోనే ఒక మాట బాగా నాటుకుంది. "టూరిజం పెరిగితే రోడ్డు దానంతట అదే వస్తుంది" అని. వస్తుంది, పార్కింగు దాకా. బొర్రా గుహలకి జనం రావడం ఇవాళ మొదలైందా? పర్యాటకమే రోడ్డు తెచ్చేదైతే ఆ చుట్టుపక్కల కొండల మీద ఒక్క డోలీ కూడా మిగలకూడదు. కుంతాలకైనా అంతే, హైవే మీద నేరడిగొండలో దిగి బండి వెతుక్కోవాలి. బొగతకైనా అంతే, ఏటూరునాగారం వైపు బస్సులో వచ్చి అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవాలి. ఎంత పేరున్న జలపాతమైనా చుట్టూ ఉన్న గూడేలకు తన పేరుతో బస్సు తేలేదు.

టూరిజం వెంట ఇంకేం వస్తుందో కూడా మనం చూశాం. 2025 జనవరిలో విశాఖలో పర్యాటక పెట్టుబడుల సదస్సు జరిగితే, 1/70 చట్టాన్ని సవరించాలన్న మాట అక్కడే వచ్చింది. ఫిబ్రవరిలో మన్యం బంద్ అయ్యాకే ఆ చట్టం జోలికి వెళ్లబోమని ప్రభుత్వం చెప్పింది. జలపాతానికి దారి అడిగితే, దారితోపాటు దాని పక్కనున్న భూమి కూడా కావాలన్నారు.

అందుకే మన పెద్దవాళ్లు కొందరు, "రోడ్డే వద్దురా, రోడ్డొస్తే వాళ్లొస్తారు" అంటారు. ఆ మాటను వెక్కిరించకండి. ఈ బొర్రా పంచాయతీ చుట్టుపక్కలే గనుల లీజులు ఇచ్చారు. దాని మీద పోరాడితే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వడం కుదరదని. పెద్దవాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. కానీ పెద్దలారా, భూమిని కాపాడింది చట్టం, దాని కోసం నిలబడ్డ జనం. బురద దారి కాపాడలేదు. దారి లేకపోవడం వల్ల లీజుదారు ఆగలేదు, అంబులెన్సు ఆగింది. రోడ్డు వద్దనడం కన్నా, ఏ రోడ్డు, ఎక్కడి నుంచి ఎక్కడికి, దాని మీద తిరిగే బండి ఎవరిది అన్నది మనం తేల్చడం మేలు.

బస్సు మాట కూడా చూద్దాం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేదు. మా వదినకు ఆ సంగతి చెబితే నవ్వింది. "బస్సే లేనిచోట టికెట్టు ఎవరడుగుతారు మరిదీ?" అంది. సంతకు మిరియాలో, చింతపండో, అడ్డాకులో మోసుకుపోయే ఆడమనిషి జీపుకి డబ్బు కడుతుంది, బరువుకి విడిగా కడుతుంది. ఉచితం ఉన్నది బస్సు ఉన్నవాళ్లకే. గిట్టుబాటు కాదు అంటారా? పొద్దున బడిపిల్లలు, ఏఎన్ఎమ్మ, టీచర్లు, మధ్యాహ్నం సంతకెళ్లేవాళ్లు, రైలు దిగిన యాత్రికులు. వీళ్లందరికీ కలిపి రైలు వేళకి ఒక చిన్న బస్సు నడిపి చూసి, అప్పుడు చెప్పండి గిట్టుబాటు సంగతి. మనకోసం వేసిన బస్సులో టూరిస్టు కూడా ఎక్కుతాడు. టూరిస్టు కోసం వేసిన ప్యాకేజీ బండిలో మనకు చోటుండదు.

నేను చెప్పదలచింది ఇదే. మన దారి పడితే ఒంటరి యాత్రికుడి దారి కూడా పడుతుంది. అతని ఒక్కడి కోసం పడ్డ దారి మన గడప దాకా రాదు. కాబట్టి అడగాల్సిన క్రమం మారాలి. ముందు ఊరు, తర్వాత జలపాతం.

అడగడానికి మన చేతిలో ఏమీ లేదనుకోకండి. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(2) చదవండి. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, తాగునీటితోపాటు రోడ్డు కోసం కూడా అటవీ భూమి ఇవ్వొచ్చని అందులో ఉంది. షరతులు మూడు. ఒక్కో పనికి ఒక హెక్టారు లోపే ఉండాలి. హెక్టారుకి 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు చేయాలి. లెక్కల మాస్టార్లు దీన్ని తరగతిలో చేయించండి. నాలుగు మీటర్ల వెడల్పు దారి వేస్తే ఒక హెక్టారులో ఎంత పొడుగు వస్తుంది? రెండున్నర కిలోమీటర్లు. మన ఊళ్లలో ఎన్ని డోలీ మోతలు ఆ రెండున్నర కిలోమీటర్ల లోపలివి? పిల్లలకి ఇంతకన్నా పనికొచ్చే లెక్క ఇంకోటి నాకు తెలీదు. 1996 పెసా చట్టం ప్రకారం ఊరి అభివృద్ధి పనులు పంచాయతీ మొదలుపెట్టే ముందు గ్రామసభ ఆమోదం ఉండాలి. జలపాతం దగ్గర పంచాయతీ తరఫున పార్కింగో, మెట్లో కట్టబోతే, "ముందు పైఊరి దారి" అని అదే గ్రామసభలో రాయించవచ్చు.

ఉపాధ్యాయ మిత్రులకు రెండు పనులు. ఊరి నుంచి బండి ఆగే చోటికి ఎంత నడక, ఎన్ని గెడ్డలు దాటాలి, వానాకాలంలో ఎన్ని రోజులు దారి తెగిపోతుంది అన్నవి పెద్ద తరగతుల పిల్లల చేత రాయించండి. ఆ కాగితం గ్రామసభకి పట్టుకెళ్లండి. "రోడ్డు కావాలి" అనే అర్జీ పక్కకి పోతుంది, గెడ్డల పేర్లతో, రోజుల లెక్కతో రాసిన తీర్మానాన్ని పక్కకి తోయడం అంత సులువు కాదు.

యువతకు ఇంకో రెండు. జలపాతం దారిలో తిరిగే జీపులు ఎన్ని, వాటిలో మనవాళ్లవి ఎన్ని, మనవాళ్లు జీతానికి తోలేవి ఎన్ని, ఒక లెక్క తీయండి. స్టీరింగు మన చేతిలో ఉండి కిరాయి ఇంకొకరి జేబులోకి పోతుంటే, దాన్ని ఉపాధి అని సంబరపడొద్దు. సంఘంగా ఏర్పడి, ఒక్కడు వచ్చినా పదిమంది వచ్చినా తలకింత అని ధర రాసి స్టేషన్ బయట బోర్డు పెట్టండి. ఒంటరిగా వచ్చినవాణ్ణి చూసి రేటు పెంచితే మనమూ పట్నం బ్రోకర్లమే అవుతాం. రెండోది, మీరు తీసే వీడియోలు. జలపాతం కింద నిలబడి మీరు తీసేది లక్షమంది చూస్తున్నారు. "ఎలా చేరుకోవాలి" అని చెప్పేటప్పుడు జీపు ఆగిన చోటుతో ఆపేయకండి. కెమెరా ఇంకొంచెం పైకి తిప్పి, "ఈ పైన ఫలానా ఊరుంది, అక్కడికి ఇంకా దారి లేదు" అని ఆ ఊరి పేరు చెప్పండి.

కటికిలో దూకేది గోస్తనీ నది. ఆ నీళ్లు కిందికి పోయి తాటిపూడి జలాశయం చేరి, విశాఖ నగరం కుళాయిల్లోకి వెళతాయి. నీళ్లు దిగిపోవడానికి దారి ఎప్పుడూ ఉంది. మనిషి దిగి రావడానికే ఇంకా నాలుగు భుజాలు కావాల్సి వస్తోంది.

రేపు పొద్దున మళ్లీ రైలు వస్తుంది. సంచీ తగిలించుకున్న కుర్రవాడు దిగి, ఎలా వెళ్లాలి అన్నా అని అడుగుతాడు. దారి చెప్పండి. చెప్పాక, "అక్కడి నుంచి మా ఊరికి ఎలా వెళ్లాలో కూడా అడుగు తమ్ముడూ" అనండి. అతను అడగకపోయినా పరవాలేదు. మన గ్రామసభలో ఆ ప్రశ్న మనం అడగకుండా ఈ ఏడాది వానలు మొదలవకూడదు.