ఆడుట మాత్రమే చాలునా?

నేటి బాలబాలికలకు సెల్‌ఫోనులోని ఆటలు సుపరిచితములు. అవి ఎట్లు తయారగుచున్నవో ఎరిగినవారు అరుదు.

1978లో జపానునందు టొమొహిరో నిషికాడో 'స్పేస్ ఇన్వేడర్స్' అను ఆటను దాదాపు ఒంటరిగా రూపొందించెను. దానికి కావలసిన యంత్రమును సైతము ఆయనయే సిద్ధపరచుకొనవలసి వచ్చెను. 1985లో వెలువడిన 'సూపర్ మారియో బ్రదర్స్' మొత్తము 40 కిలోబైట్లలో ఇమిడినది. చోటు చాలనందున మేఘమునకును పొదకును ఒకే బొమ్మను వాడి, రంగు మాత్రము మార్చిరి.

నేడు పెద్ద ఆటలకై వందలమంది చిత్రకారులు, సంగీతజ్ఞులు, రచయితలు ఏండ్ల తరబడి శ్రమించుచున్నారు. అయినను ఒంటరివానికి ద్వారము మూతపడలేదు. ఎరిక్ బరోన్ ఒక్కడే రూపొందించిన 'స్టార్‌డ్యూ వ్యాలీ' 2016లో వెలువడి లోకాదరణ పొందెను. ఆటలు కూర్చుటకు 'గొడో' వంటి సాధనములు ఉచితముగానే లభించుచున్నవి. ప్రపంచ లిపులకు సంకేతములు కూర్చిన యూనికోడ్‌లో మన తెలుగు 1991లోనే చేరినది.

కనుక కొరత యంత్రమునందు లేదు, పూనికయందున్నది. మన పులిజూదమునే చూడుడు: మూడు పులులు, పదునైదు మేకలు, బండపై కొన్ని గీతలు. ఇంత స్వల్ప సామగ్రిలో ఎంత యుక్తి యిమిడియున్నది! సూళగిరి విద్యార్థులు దానిని తెలుగు మాటలతో తెరపైకి తేలేరా?

ఇరుగుపొరుగు భాషల నడుమ నున్న మనకు ఇది వినోదము మాత్రమే కాదు. పాఠ్యపుస్తకమునందే మిగిలిన భాష పరీక్షతో ముగియును. ఆటలోనికి వచ్చిన భాష నాలుకపై నిలుచును. మన పిల్లలు ఆడువారుగనే మిగిలిపోక, ఆటలను చేయువారు కూడ కావలెనని మా అభిమతము.