క్యాజువాలిటీ నర్సులది నిర్లక్ష్యమా, నిస్సహాయతా?

పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో రోగి చనిపోతే బంధువుల నోట మొదట వచ్చే మాట "సిస్టరు పట్టించుకోలేదు" అని. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కాని ఆ రాత్రి ఆమె చేతిలో ఎందరు రోగులున్నారని అడిగేవారు తక్కువ.

ఖరీఫ్ రోజులలో పురుగుల మందు తాగినవారూ, పాము కాటుకు గురైనవారూ ఒకే రాత్రి రావడం జిల్లా ఆసుపత్రులకు కొత్త కాదు. ఆర్గానోఫాస్ఫరస్ మందు తాగిన రోగికి మొదట్లో కొద్ది నిమిషాలకొకసారి అట్రోపిన్ ఇస్తూ నాడి, కనుపాప, ఆయాసం కనిపెట్టి ఉండాలి. పాము కాటు రోగి రక్తాన్ని గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో చూడాలి. విరుగుడు ఎక్కుతుండగా దద్దుర్లు లేస్తే వెంటనే ఆపాలి. ఈ ఇద్దరు రోగులకే ఇద్దరు నర్సులు కావాలి. అదే సమయంలో 108లో రోడ్డు ప్రమాదం కేసు దిగితే?

ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టులో 108 మొదలైన తర్వాత, వెనుక దారిలోనే ప్రాణం విడిచేవారు పలువురు ఆసుపత్రి గడప దాకా వస్తున్నారు. సంతోషమే. అంబులెన్సు వేగానికి తగినట్లు లోపల చేతులు కూడా పెరగాలి కదా!

బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రులలో ఐదుగురికి ఒకరు, సెలవుల నిమిత్తం మరో 30 శాతం - ఇది భారత నర్సింగ్ మండలి వార్డులకు చెప్పిన లెక్క. క్యాజువాలిటీకి మంచాల లెక్క పనికిరాదు. అక్కడ ఒకే మంచంపై ఒక్క రాత్రిలో నలుగురైదుగురు మారతారు.

ఇక ఎం.ఎన్.ఓ. కనిపించకపోతే స్ట్రెచర్ తోయడం, ఎమ్మెల్సీ కాగితాలు అందించడం, మందుల ఇండెంటు రాయడం కూడా సిస్టరు పనులే. రాత్రి 8 నుండి ఉదయం 8 వరకు పన్నెండు గంటల డ్యూటీలో తెల్లవారుజామున మోతాదు తప్పితే ఆశ్చర్యపడనవసరం లేదు.

వైద్య సిబ్బందిపై దాడి చేస్తే మూడేళ్ల వరకు జైలు అని 2008లోనే రాష్ట్ర చట్టం వచ్చింది. చట్టం దాడి జరిగాక పనికివస్తుంది. ఒక రోగి వెంట పదిమంది లోపలికి తోసుకురాకుండా ఆపడానికి తలుపు దగ్గర మనిషి కావాలి. నియామకాలకు ఏళ్లు పట్టవచ్చుగాని, దీనికీ, రాత్రిపూట ఒక రికార్డు గుమాస్తాకూ అంత వ్యవధి అక్కరలేదు.

కాంట్రాక్టుపై ఉన్న నర్సు గడువు పొడిగింపు భయంతో ఈ కొరతలను రాతపూర్వకంగా పైకి పంపడానికి జంకుతుంది. అందువల్ల రేపు విచారణ జరిగితే డ్యూటీలో ఎవరున్నారో రిజిస్టరులో దొరుకుతుంది. ఆమె ఒక్కతే ఎందరిని చూసిందో దొరకదు.