చీరల కింద దాగిన ఎర్రమాత్రలు

నాలుగు నెలల క్రితం మా చెల్లెలి కోడలు కాన్పుకు పుట్టింటికి వెళ్ళింది. ఆమె గది సర్దుతుంటే అల్మారాలో చీరల కింద ఎర్రమాత్రల పట్టీలు ఆరు బయటపడ్డాయి. ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చి ఇచ్చినవే. ఒక పట్టీలో నాలుగు మాత్రలు మాత్రమే ఖాళీ.

ఆ పిల్లను తప్పుపట్టలేం. మొదట్లో వికారం కలిగింది, విరేచనం నల్లగా అయింది. "నీకు పడలేదు, మానెయ్ బేటీ" అన్నది మా చెల్లెలే. ఈ మాత్రలతో బిడ్డ నల్లగా పుడుతుందని పక్కింటి ఖాలా మరో మాట వేసింది. అదే ఇంట్లో బిడ్డ తెల్లగా పుట్టాలని గ్రాముల లెక్కన కుంకుమపువ్వు కొని పాలల్లో కలిపారు! తొమ్మిదో నెలలో హిమోగ్లోబిన్ 6.4. రక్తం ఎక్కించవలసి వచ్చింది. తల్లీబిడ్డా దక్కారు, అల్‌హందులిల్లాహ్.

గర్భిణికి హిమోగ్లోబిన్ 11కు తగ్గితే రక్తహీనతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో నూటికి 52 మంది పరిస్థితి ఇది. 180 రోజులు మాత్రలు వేసుకున్న తల్లులు నూటికి 26 మందే. రక్తం తక్కువైన స్త్రీకి కాన్పులో రక్తస్రావమైతే, మరొకరు తట్టుకోగలిగేది ఆమె ప్రాణం మీదికి వస్తుంది.

లుఖ్మాన్ సూరాలో అల్లాహ్ గర్భవతి మోసే బలహీనతను ప్రస్తావించాడు. మేము దానిని బయాన్‌లో చెప్పి కన్నీళ్ళు పెట్టిస్తాం. ఆ బలహీనతలో కొంత ఒక చిన్న మాత్రతో తగ్గుతుందని మాత్రం చెప్పం. నేనూ ఏనాడూ చెప్పలేదు.

ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వేసుకోవాలి. విరేచనం నల్లబడటం ఒంటికి పట్టని ఇనుము వల్లనే, హాని కాదు. వికారమైతే రాత్రి భోజనం తర్వాత వేసుకోవచ్చు. అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి గాని పట్టీని దాచిపెట్టరాదు. అసలు శత్రువు మన చాయ్! తిన్న వెంటనే తాగే చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గంట, రెండు గంటల ఎడం ఉండాలి. కాల్షియం మాత్రను కూడా దీనితో కలిపి వేసుకోరాదు. నిమ్మరసం, ఉసిరి మేలు చేస్తాయి.

ఇక రంజాన్. గర్భిణికి, పాలిచ్చే తల్లికి రోజా విషయంలో షరీఅత్ సడలింపు ఇచ్చింది. లోకం ఏమంటుందోనని రోజా ఉండి నెలంతా మాత్ర మానేసే కోడళ్ళను చూశాను. డాక్టరును అడిగి రోజా ఉన్నా, ఇఫ్తార్ తర్వాత మాత్ర వేసుకోవడానికి అడ్డేముంది?

కోడలు తిరిగి వచ్చింది. ఇప్పుడు మా చెల్లెలు ఇషా నమాజ్ కాగానే మాత్ర, మంచినీళ్ళు తానే తెచ్చి ఇస్తోంది. మింగేదాకా అక్కడే నిలబడుతోంది.